తూనికయంత్రము కాదు, కొలతనాడా

'లంఖణం పరమౌషధం' అన్న పెద్దల మాట జ్వరానికి వర్తించవచ్చు గాని, స్థూలకాయానికి వర్తించదని నా అభిప్రాయం. పండుగ విందు మరునాడు ఉపవాసం ఉండటం, వారాంతాన తూనికయంత్రం ఎక్కి అరకిలో అయినా తగ్గలేదని నిరుత్సాహపడటం, మళ్ళీ యథాప్రకారం భుజించటం మనలో పలువురికి అనుభవమే. ఈ వ్యాసకర్త అందుకు మినహాయింపు కాదు. లోపం మన సంకల్పంలో కంటే మనం ఎంచుకొన్న కొలమానంలోనే ఎక్కువగా ఉన్నది.

2004లో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ ఇరువురి ఛాయాచిత్రాన్ని 'లాన్సెట్' పత్రికలో ప్రకటించారు. ఎత్తుకు తగిన బరువును సూచించే బి.ఎం.ఐ. ఇద్దరికీ ఒకటే, 22.3. కాని దేహంలోని కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! ఆక్లాండ్‌లో ఎలైన్ రష్ బృందం జరిపిన పరిశోధనలు కూడా ఇదే తెలిపాయి. బి.ఎం.ఐ. సమానమైనప్పటికీ ఐరోపా సంతతి వారికంటే భారతీయులలో కొవ్వు హెచ్చు, కండ తక్కువ. ఉదరంలో పేరుకొన్న ఆ కొవ్వు ఇన్సులిన్ పనిని మందగింపజేస్తుంది. న్యూజిలాండ్ 2018 వైద్య మార్గదర్శకాలు హృద్రోగ పరీక్షను సామాన్యంగా పురుషులకు 45వ ఏట, స్త్రీలకు 55వ ఏట ప్రారంభించమంటూ, దక్షిణాసియా వారికి మాత్రం 30, 40 ఏళ్ళకే ప్రారంభించమన్నది ఇటువంటి ముప్పు వల్లనే.

కనుక మన నడుమును కొలతనాడాతో కొలుచుకొందాం. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాద సూచన అని భారతీయ వైద్యనిపుణుల నిర్ణయం.

మద్రాసులో రామచంద్రన్ బృందం 2006లో వెల్లడించిన పరిశోధన మరింత ఆశాజనకం. మధుమేహపు అంచున ఉన్నవారు ఆహారం సవరించుకొని, రోజూ అరగంట నడవగా, వ్యాధి సోకే అవకాశం 28.5 శాతం తగ్గింది. విశేషమేమనగా, వారి సగటు బరువులో చెప్పుకోదగిన తగ్గుదల లేదు! తూనికయంత్రం కదలనంత మాత్రాన శ్రమ వ్యర్థం కాలేదన్న మాట.

అయితే నడిచామన్న ధీమాతో యథేచ్ఛగా తినరాదు. డెబ్బై కిలోల మనిషి అరగంట వడిగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 130 కాలరీలు. ఒక పెద్ద లడ్డూ అంతకు మించి తిరిగి ఇస్తుంది. కొవ్వును కరిగించేది ముఖ్యంగా మితాహారం. కండను నిలిపేది వ్యాయామం. రెండూ జోడెడ్ల వంటివి. ఇందుకు మన వంటను విడిచిపెట్టనక్కరలేదు. పళ్ళెంలో అన్నాన్ని పావు భాగానికి తగ్గించి, సగం కూరగాయలతో నింపి, మిగిలిన పావు పప్పుకో, చేపకో ఇస్తే చాలు. ఇక్కడి సిల్వర్‌బీట్ ఆకుతో పప్పు మన పాలకూర పప్పుకు తీసిపోదు.

నడకకు ఈ దేశం కంటే అనువైన చోటేది? 1960 రోమ్ ఒలింపిక్స్‌లో పీటర్ స్నెల్, మర్రే హాల్‌బర్గ్‌లను స్వర్ణపతక విజేతలుగా తీర్చిదిద్దిన ఆర్థర్ లిడియార్డ్, 1962లో ఆక్లాండ్‌లో సామాన్య గృహస్థులను కూడా మెల్లని పరుగుకు పురికొల్పాడు. ఆ ఏడాది ఇక్కడికి వచ్చి దాన్ని చూచిన బిల్ బోవర్‌మన్ ఆ అలవాటును అమెరికాకు తీసుకొనిపోయాడు. ఆయాసపడకుండా మాట్లాడుతూ సాగగలిగినంత వేగమే లిడియార్డ్ కోరినది. గుండెజబ్బు ఉన్నవారు, మధుమేహానికి మందులు వాడేవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి.

ఇక నా విన్నపం మన సంఘానికే. మన విందులలో మిఠాయిలు నాలుగు రకాలు, పచ్చికూరల సలాడు ఒక మూల! ఈ వరుసను తారుమారు చేద్దాం. సభకు ముందు ఒక గంట కుటుంబసమేతంగా నడుద్దాం. మన పిల్లలు నేర్చేది మన ఉపన్యాసాల నుండి కాదు, మన పళ్ళెం నుండి, మన అడుగుల నుండి.