టీడీఎస్ మీటరు చూపించి నా నోరు మూయించొద్దు

మా చిన్నాడికి మళ్ళీ జలుబు. ఇంట్లో అందరి చూపూ నా మీదే. "సరిగ్గా తినిపించట్లేదమ్మాయ్, వాడికి ఒంట్లో శక్తి లేదు" అంటారు అత్తయ్యగారు. ఈయనేమో ఆఫీసు నుంచి వస్తూ ఇమ్యూనిటీ గమ్మీలు తెస్తారు. ఉసిరికాయ, పసుపు పాలు, మిరియాల కషాయం... నేను పెట్టనిది ఏముంది చెప్పండి? పిల్లాడికి ఏం తక్కువైందని అడిగేవాళ్ళే కానీ, ఒంట్లోకి ఏం పోతోందని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

మేముండేది బాచుపల్లిలో. పక్కనే బొల్లారం పారిశ్రామికవాడ. అక్కడి కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వేసిన తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు-బొల్లారం ఉంది. అటువైపు భూగర్భ జలాల్లో ఆర్సెనిక్ ఉందని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు ఎప్పుడో రాశారు. ఎండాకాలం మా అపార్ట్‌మెంటుకి వచ్చే ట్యాంకరు ఏ బోరులో నింపుకొస్తుందో అడిగితే, డ్రైవరు "ఇక్కడే మేడమ్" అని గాల్లో చెయ్యి ఊపాడు!

అసోసియేషన్ మీటింగులో అడిగాను. సెక్రటరీగారు టీడీఎస్ మీటరు గ్లాసులో ముంచి, "రెండొందల ఎనభై. ఐదొందల దాకా పర్లేదమ్మా" అన్నారు. అందరూ తలలూపారు. అయ్యా, ఆ మీటరు చెప్పేది నీళ్ళలో కరిగిన లవణాలన్నిటి మొత్తం. లీటరులో ఇన్ని మిల్లీగ్రాములని ఓ అంచనా. సీసానికి మన ప్రమాణాల హద్దు లీటరుకి 0.01 మిల్లీగ్రాము. అంతకి పదింతలున్నా ఆ మీటరు అంకె కదలదు. కాచినా పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. తాగడానికి ఆర్‌వో పెట్టుకుని, పప్పూ అన్నమూ ట్యాంకు నీళ్ళతో వండే ఇళ్ళు మనలో ఎన్నో!

మా వాడి ప్రతి తుమ్ముకీ లోహాలే కారణమని నేననట్లేదు. బడికెళ్ళే పిల్లలకి జలుబులు మామూలే. కానీ సీసం ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా చేరితే రోగనిరోధక వ్యవస్థ క్రిములతో పోరాడే పనిలో మందగించి అలర్జీల వైపు మొగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. బంగ్లాదేశ్‌లో, కడుపులో ఉండగా ఆర్సెనిక్ ఎక్కువగా అందిన పిల్లలకి థైమస్ గ్రంథి చిన్నదిగా ఉన్నట్టు చూశారు. కొన్ని రక్షణ కణాలు పరిపక్వమయ్యే చోటు అదే మరి. ఇక మన సంగతి. ఐరన్ తక్కువున్న ఒళ్ళు సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. మనలో రక్తం తక్కువ లేనివాళ్ళెందరు? ఎముకల్లో దాక్కున్న ఆ సీసం మనం కడుపుతో ఉన్నప్పుడు కాల్షియంతో పాటు బయటికొచ్చి బిడ్డకి చేరుతుంది. దీనికి గమ్మీ ఏం చేస్తుంది?

నేనడిగింది ఒక్కటే. ట్యాంకు నీళ్ళు, బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు వేరువేరుగా ల్యాబుకి పంపి సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, నికెల్ పరీక్ష చేయించమని. "ఫండ్సు లేవమ్మా, వచ్చే నెల చూద్దాం" అన్నారు. పోయిన నెలే గేటుకి కొత్త లైట్లు పెట్టించారు. ఆదివారం మళ్ళీ మీటింగు. ఈసారి మా బ్లాకు ఆడవాళ్ళం పదకొండు మందిమి కలిసి వెళ్తున్నాం.