మంచు కొండలో గది... మామిడి తోటలో మంచం

మే నెల. మిట్టమధ్యాహ్నం. నూజివీడు దగ్గర ఓ మామిడి తోట. పొద్దుటి నుంచీ చిక్కం కర్రలతో కాయ దింపిన కూలీలు నీడకు చేరి క్యారేజీలు విప్పారు. గట్టు మీద కూర్చున్న తోట ఆసామి ఫోను మోగింది. జ్యూరిక్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఫొటో పంపాడు. కిటికీ అవతల నిలువెత్తు మంచు కొండ. ఇవతల తెల్లటి పరుపు. ‘నాన్నా, కోతలైపోగానే నువ్వూ అమ్మా వచ్చేయండి. రెండు రాత్రులు ఇక్కడే ఉందాం.’ ఆయన కొండ పేరు అడగలేదు. ‘గది ఎంతరా?’ అన్నాడు.

నూజివీడు చుట్టుపక్కల పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లు తక్కువేం కాదు. కాబట్టి ఆ ప్రశ్న ఒక్కాయనదే కాదు.

ఆ ఫొటోలో కొండ మాటర్‌హార్న్. ఎత్తు 4,478 మీటర్లు. దాన్ని చూస్తూ గోర్నర్‌గ్రాట్ అనే మరో కొండ మీద, 3,100 మీటర్ల ఎత్తున ఓ రాతి కట్టడం ఉంది. కుల్మ్ హోటల్ అంటారు. ఉన్నవి 22 గదులు. మన తిరుమల ఎత్తు 850 మీటర్ల పైచిలుకు. అలాంటివి మూడున్నర ఒకదానిపై ఒకటి పేర్చితే ఈ హోటల్ గుమ్మం వస్తుంది!

ఇలా కొద్ది గదులతో, తనకంటూ ఓ తీరుతో ఉండేవాటిని బొటిక్ హోటళ్లంటున్నారు. 1980ల్లో బాగా వాడుకలోకి వచ్చిన మాట. పెద్ద హోటల్లో మీరు గది నంబరు. ఇక్కడ మీ పేరు పనివాళ్లకి తెలుస్తుంది. రాత్రి ఏం తిన్నారో, ఏం వదిలేశారో గుర్తుంటుంది. మేనత్తగారింటికెళ్తే జరిగేదీ ఇదే... బిల్లు తప్ప.

బిల్లు సంగతికొస్తే, ఇలాంటిచోట రాత్రికి వందల ఫ్రాంకులవుతాయి. ఫ్రాంకు వంద రూపాయల పైమాటే. లెక్క ఎవరికివారు వేసుకోవచ్చు.

అంత ఎందుకు పెట్టాలి? చేరుకోవడంలోనే సగం గిట్టుబాటవుతుంది. కింద ఉన్న ఊరు జెర్మాట్. అక్కడికి పెట్రోలు కార్లు రానివ్వరు. బుల్లి కరెంటు బళ్లు తిరుగుతుంటాయి. అక్కణ్నుంచి పళ్లచక్రాల రైలెక్కాలి. పట్టాల మధ్య మరో పళ్ల పట్టా ఉంటుంది. బండి చక్రం దాన్ని కరిచి పట్టుకుని పైకి పాకుతుంది. 1898 నుంచీ కరెంటుతోనే నడుస్తోంది. అరగంట దాటితే పైన ఉంటారు. పాలు, పప్పు, దుప్పట్లు... అన్నీ ఆ రైలెక్కి రావాల్సిందే.

పగలంతా పైన తిరణాలే. అసలు మజా సాయంత్రం. చూసిపోవడానికి వచ్చినవాళ్లని రైలు కిందికి తీసుకెళ్లిపోతుంది. మిగిలేది గదులు తీసుకున్నవాళ్లే. గాలి చప్పుడు తప్ప మరోటి వినబడదు. తెల్లవారుజామున లోయంతా ఇంకా చీకట్లో ఉండగానే మాటర్‌హార్న్ కొస మీద ఎర్రటి వెలుగు పడుతుంది. అది మెల్లగా బంగారు రంగులోకి మారి కిందికి జారుతుంది. డబ్బులు ఆ పావుగంటకే!

అయితే అందరికీ అక్కడ నిద్ర పట్టదు. ఆ ఎత్తున గాలి పీడనం సముద్రమట్టం కంటే దాదాపు 30 శాతం తక్కువ. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కొందరికి తలనొప్పి. ఓ రాత్రి కింద జెర్మాట్‌లో ఉండి వెళ్లడం, నీళ్లు బాగా తాగడం మంచిది. గుండెజబ్బు, బీపీ ఉన్న పెద్దవాళ్లు డాక్టరునడక్కుండా టికెట్లు తీయొద్దు. పిల్లలు ముచ్చటపడి బుక్ చేసే ముందు చూడాల్సింది ఇదే.

తిండికి బెంగలేదు. బంగాళాదుంప తురిమి పెనం మీద కాల్చిన రోస్టి ఉంటుంది. మన దిబ్బరొట్టెకి దూరపు చుట్టం. ఆ లోయల్లో రై పిండి రొట్టె పేరున్నది. వెనకటికి ఊరుమ్మడి పొయ్యిలో ఏడాదికి రెండు మూడుసార్లే కాల్చి నెలల తరబడి దాచుకునేవారట. ఆవకాయ జాడీ ఉన్న ఇంట్లో ఈ సంగతి వివరించి చెప్పక్కర్లేదు.

ఏడాదికి సరిపడా రొట్టె కాల్చుకునేవాళ్లంటే వాళ్లేమీ కలిగినవాళ్లు కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ కొండల్లో బతకలేక అమెరికా దారి పట్టినవాళ్లు ఎందరో! చేతిలో ఉన్నవి నాలుగు ఆవులు, కొంచెం గడ్డి, గుట్టలకొద్దీ పనికిరాని మంచు. జెర్మాట్‌లో అలెగ్జాండర్ సైలర్ అనే ఆయన 1850ల్లో ఓ చిన్న సత్రం తీసుకుని నడిపాడు. 1865లో మాటర్‌హార్న్‌ను మొదటిసారి ఎక్కిన ఎడ్వర్డ్ వింపర్ బృందం బయల్దేరింది ఆ ఊరి నుంచే. ఎక్కింది ఏడుగురు. దిగుతూ నలుగురు పోయారు. ఆ కబురుతో ఊరి పేరు యూరప్ అంతా తెలిసిపోయింది.

ఇంకో కొండ ఊరు సెయింట్ మోరిట్జ్. అక్కడి హోటల్ యజమాని యోహానెస్ బాద్రుట్ 1864లో ఇంగ్లీషు అతిథులతో పందెం కాశాడని చెబుతారు. ‘చలికాలంలో రండి, ఇక్కడి ఎండ మీకు నచ్చకపోతే దారిఖర్చులు నావి’ అన్నాడట. క్రిస్మస్‌కి వచ్చినవాళ్లు ఈస్టర్ దాకా కదల్లేదు. అప్పటిదాకా చలికాలమంటే తలుపులు వేసుకునే కాలం. ఆ తర్వాత అదే సీజనైంది.

నూజివీడుకి ఈ కథ పనికొచ్చేది ఇక్కడే. మామిడి రైతుకి కూడా రెండు నెలలే రాబడి. మిగతా పది నెలలు ఎదురుచూపు. పూత మీదే గుత్తకిచ్చేస్తే కాయ తనది కాదు. ఉంచుకుంటే పూతకి తేనెమంచు పురుగు, కాయకి అకాల వర్షం, మార్కెట్లో ధర. విసిగి చెట్లు కొట్టేసి ఆయిల్‌పామ్ వేసినవాళ్లున్నారు, ప్లాట్లు వేసినవాళ్లూ ఉన్నారు. కొండ మీదివాళ్ల బాధలూ తీరిపోలేదు. 2022, 2023... ఈ రెండేళ్లలోనే స్విట్జర్లాండ్ హిమానీనదాల్లో పదో వంతు కరిగిపోయింది. వాళ్లకి మంచు రాకపోతే నష్టం, మనకి తేనెమంచు వస్తే నష్టం!

మరి తోటలో నాలుగు గదులు వేసి అతిథుల్ని పిలిస్తే? గన్నవరం విమానాశ్రయం ఎంతో దూరం లేదు. చెట్టు కింద కూర్చుని చిన్నరసం నలిపి నోట్లో పెట్టుకోవడం హైదరాబాద్ పిల్లల్లో చాలామంది ఎరగరు. స్విస్ రైతులు 1990ల్లో కొట్టంలో గడ్డి పరిచి, దాని మీద పడుకోనిచ్చి డబ్బు తీసుకున్నారు. జనం వరస కట్టారు. మన దగ్గర ఆ గడ్డిలో కాయ మాగేస్తాం, అంతే తేడా.

అనుకున్నంత తేలిక మాత్రం కాదు. సీజన్లో ఎండ నలభై దాటుతుంది. మందు కొట్టే రోజుల్లో తోటలోకి ఎవర్నీ రానివ్వకూడదు. గుత్తదారుతో ముందే మాట్లాడుకోవాలి. పాముల భయం సరేసరి. అన్నిటికంటే ముందు కావాల్సింది శుభ్రమైన బాత్రూమ్. కొండమీద హోటలైనా అది లేకపోతే మాటర్‌హార్న్ కూడా కాపాడలేదు.

సాయంత్రానికి తోట ఆసామి ఇల్లు చేరి ఫొటో భార్యకి చూపించాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసింది. ‘మంచు సరే, అక్కడ వేణ్నీళ్లొస్తాయంటనా?’ అంది. కొడుక్కి ఫోన్ కలిపారు. వస్తాయన్నాడు. రాత్రికెంతో కూడా చెప్పేశాడు. ఆయన కాసేపు మాట్లాడలేదు.

‘సరేరా, వస్తాంలే. ఒక్క రాత్రే ఉందాం. రెండో రాత్రి డబ్బులు ఇటు పంపు. బోరు పక్కన బాత్రూమ్‌కి ఎంతవుతుందో మేస్త్రీని అడుగుతా.’