పప్పు మాడినా షాడో ఆగడు!

చెల్లెమ్మలూ! మధ్యాహ్నం గిన్నెలు బోర్లించి, కొంగుతో మొహం తుడుచుకుని కూర్చున్నాక దొరికే ఆ అరగంటలో మీరేం చేస్తారు? నేనైతే గూఢచారి నవల చదువుతాను. నవ్వకండి మరి!

నా పుట్టిల్లు మిర్యాలగూడ, మెట్టినిల్లు సూర్యాపేట. పెళ్లికి ముందు తమ్ముడు అద్దె లైబ్రరీ నుంచి తెచ్చుకున్న మధుబాబు గారి షాడో నవలల్ని వాడికంటే ముందు నేనే చదివేసేదాన్ని. అత్తవారింటికొచ్చాక, "ఆడపిల్లకు గీ తుపాకుల పుస్తకాలేంది?" అంటారేమోనని మానేశాను. ఒకటా రెండా, ఇరవై ఏళ్లు! మొన్న కోదాడలో పెళ్లికి వెళ్లి వస్తూ, బస్టాండులో ఒకటి కనబడితే కొనేశాను. ఆ రాత్రి పొయ్యి మీద పప్పు మాడింది.

"ఏందే కోడలా, గంతగనం మునిగిపోయినవ్?" అంది అత్తమ్మ. దొరికిపోయాననుకున్నాను. ఆవిడకిప్పుడు అక్షరాలు ఆనవు. పక్కన చేరి, "జర గట్టిగ సదువు, నేను గూడ ఇంట" అంది! అప్పట్నుంచి రోజూ కాసేపు ఇద్దరికీ ఇదే పని. గంగారాం మాటలకు ఆవిడ పడీ పడీ నవ్వుతుంటే, ఇన్నేళ్లలో మేమిద్దరం కలిసి నవ్వింది ఎంత తక్కువో తెలిసొచ్చింది.

సీఐబీ పెద్ద కులకర్ణి గారు, షాడో, శ్రీకర్, ముఖేష్, బిందు... కథ కొత్తదైనా మనుషులు పాతవాళ్లే. పుట్టింటికి వెళ్లినట్టుంటుంది. అంతకుముందు తరానికి కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఇలాగే ఇంటివాళ్లయిపోయారు.

ఇంగ్లీషు చదివే అమ్మాయి ఇంట్లో ఉంటే, మిక్ హెరాన్ నవలలు చదివి మీకు కథ చెప్పమనండి. ఆయన గూఢచారి వరుసలో మొదటిది 'స్లో హార్సెస్' 2010లో వచ్చింది. పొరపాట్లు చేశారని పక్కకు నెట్టేసిన గూఢచారులంతా లండన్‌లో ఒక పాత భవనంలో ఉంటారు. వాళ్ల పెద్ద జాక్సన్ లాంబ్‌వి మాసిన బట్టలు, నోటి దురుసు. బుర్ర మాత్రం కత్తి! పనికిరారన్నవాళ్లే చివరికి ఆదుకుంటారు. మన ఇళ్లల్లో తెలియని కథేం కాదులెండి!

ఒక చిట్కా: పాత నవలల మధ్య ఎండిన వేపాకులు పెట్టి, అప్పుడప్పుడూ నీడలో గాలికి ఆరబెట్టండి. పురుగు అంత తొందరగా పట్టదు. ఇంకో చిట్కా: పుస్తకం తెరిచేముందు పొయ్యి ఆపేయండి!