లెక్కల్లో మనం – 6: తాళం వేసిన ఇంటికి వెయిటేజీ ఎంత?

సర్వే అనగానే "శాంపిల్ ఎంత?" అని అడగడం నేర్చుకున్నాం. ఇకమీదట "తాళాలు ఎన్ని?" అని కూడా అడగండి.

ఆంధ్రప్రదేశ్‌లో కులగణన 2024 జనవరి 19న మొదలైంది. కనుమ వెళ్లిన మూడో రోజు! మార్కాపురం, గిద్దలూరు పల్లెల సంగతి తెలిసినవాడెవడైనా ఆ తేదీ పెడతాడా? పండక్కొచ్చిన మావాళ్లు గుంటూరు వైపు మిరపకోతలకో, హైదరాబాద్, బెంగళూరు బిల్డింగు పనులకో బస్సెక్కే రోజులవి. (వెలిగొండకు శంకుస్థాపన 1996లో. వలసలు ఆగుతాయని అప్పట్నుంచీ వింటున్నాం.) యాప్ పట్టుకుని మా పల్లెకొచ్చినవాళ్లకు దొరికేది ముసలమ్మ, లేకపోతే తాళం.

"నాన్-రెస్పాన్స్‌ను సరిచేస్తాం కదా" అంటారు స్టాటిస్టిక్స్ చదివినవాళ్లు. ఎట్లా? ఒక పల్లెలో 100 ఇళ్లు అనుకోండి. 30 ఇళ్లకు తాళం. జవాబిచ్చిన 70లో వలస కుటుంబాలు 7. ఒక్కో జవాబును 1.43తో హెచ్చిస్తారు. ఆ 7 కాస్తా 10 అవుతుంది. తాళాలన్నీ వలసపోయినవాళ్లవే అయితే అసలు లెక్క 37. హెచ్చవేతలో తప్పేం లేదు. తలుపు తీసినవాడూ తాళం వేసినవాడూ ఒకటేననే నమ్మకంలో ఉంది తప్పంతా. "ఎస్సీ, గ్రామం, మార్కాపురం" అని ఒక గడి గీసి, పల్లెలో టీచరు ఉద్యోగమొచ్చినాయన జవాబును వలసకూలీ జవాబుగా రాసుకోవడం ఇది.

తెలంగాణలో 2024 నవంబరులో మొదలైన సర్వేలో 3.1 శాతం కుటుంబాలు మిగిలిపోయాయి. కొందరు చెప్పం పొమ్మన్నారు, కొన్ని ఇళ్లకు తాళాలు. గేటు వెనక నిలబడి చెప్పనన్నవాడూ, పూట గడవక ఊరిడిచినవాడూ ఒకే ఖాళీలో పడితే ఏ సూత్రం వాళ్లను విడదీస్తుంది?

దారి లేక కాదు. హాన్సెన్, హర్విట్జ్ 1946లోనే చెప్పారు: దొరకనివాళ్లలోంచి కొందరిని ఎంచుకుని, ఖర్చయినా సరే వెళ్లి కలవండి, మిగతా తాళాల వెయిటేజీ వాళ్ల జవాబులకే ఇవ్వండి అని. మావాళ్ల దగ్గరికొచ్చేసరికే ఖర్చు గుర్తొస్తుంది.

2027 ఫిబ్రవరి జనగణనలో కులం అడుగుతారు. ఫిబ్రవరంటే మిరపకోతల నడిమధ్య. ఉన్నచోటే లెక్కిస్తామంటారు. చేను పక్కన పట్టలతో వేసుకున్న గుడారం దాకా ఎవరొస్తారు? తాళం వేసిన ఇళ్ల సంఖ్యను ఊరివారీగా, పల్లెవారీగా బయటపెట్టాలని ఇప్పుడే అడుగుదాం. పడమటి ప్రకాశం విద్యార్థులారా, సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ఎవరు ఏ ఊరు పోతున్నారో, ఎంతమంది పోతున్నారో నోటుపుస్తకంలో రాసుకురండి. ఫిబ్రవరిలో ఆ పుస్తకాలు ఎన్యూమరేటర్ల ముందు పెడదాం.