వేపపువ్వుకూ ఒక నమస్కారం

ఉగాది పచ్చడిని ఒక్క బెల్లంతో చేసేవారెవరూ లేరు. వేపపువ్వు చేదు, మామిడి వగరు, చింతపండు పులుపు అన్నీ కలిస్తేనే అది పచ్చడి. అయితే మిగతా సంవత్సరమంతా మన పద్ధతి వేరు. ఉద్యోగం వస్తే, ఇల్లు కొంటే దేవుడికి కొబ్బరికాయ కొడతాం. కష్టం రాగానే "నాకే ఎందుకు?" అని ఆయననే నిలదీస్తాం. కలిమిలేములు కావడి కుండలని పెద్దలు ఊరికే అనలేదు.

2020 మార్చి 25 శార్వరి నామ సంవత్సర ఉగాది. ఆ రాత్రి 11 గంటల 59 నిమిషాలకు న్యూజీలాండ్‌లో లాక్‌డౌన్ మొదలైంది. ఇండియాలోనూ ఆ రోజే మొదలైంది. విమానాలు ఆగిపోయాయి. ఆ రోజుల్లో కన్నవారిని పోగొట్టుకున్న ప్రవాసులు అంత్యక్రియలను ఫోన్ తెర మీదే చూడవలసి వచ్చింది. అటువంటివారితో "ఉన్నదానికి సంతోషించండి" అనడం కృతజ్ఞతా బోధ కాదు, కాఠిన్యం. దుఃఖాన్ని దుఃఖమనే ఒప్పుకోవాలి.

కాని ఆ వారాల్లోనే నర్సులు ఆస్పత్రులకు వెళ్లారు, సూపర్‌మార్కెట్ కుర్రాళ్లు సరుకులు సర్దారు. మా వీధిలో పేరైనా తెలియని ఒక పెద్దాయన మా గేటు దగ్గర పాలు పెట్టి, దూరం నుంచే చెయ్యి ఊపి వెళ్లేవారు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు వీరందరినీ మరిచిపోవడం మనకు తగునా?

ఈ దేశపు మావోరీలు దుఃఖాన్నీ కృతజ్ఞతనూ ఒకే ఉదయాన కలుపుతారు. మన కృత్తికలనే వారు మతారికి అంటారు. నడి చలికాలంలో, తెల్లవారుజామున అవి తిరిగి కనిపించినప్పుడు ముందుగా ఆ ఏడాది పోయినవారి పేర్లు పిలుస్తారు. పిమ్మట నేల, నీరు ఇచ్చిన ఆహారాన్ని వండి, దాని ఆవిరిని నక్షత్రాలకు నివేదిస్తారు. 2022 జూన్ 24న మొదటిసారి ఈ పండుగకు దేశమంతటా సెలవు ఇచ్చారు.

మన ఉగాది సభలోనూ పంచాంగ శ్రవణానికి ముందు ఒక ఐదు నిమిషాలు కేటాయిద్దామని నా మనవి. ఆ ఏడాది మన కుటుంబాల్లో పోయినవారి పేర్లు చదువుదాం. తరువాత మనకు సాయపడినవారి పేర్లు, తెలుగువారైనా కాకపోయినా, చదువుదాం. పిల్లలు వింటారు. సుఖంలో జోడించడం అలవాటు లేని చేతులు కష్టంలో జోడించమంటే లేవవు. ఆ అలవాటు కడుపు నిండిన రోజుల్లోనే నేర్పాలి.