గుండెదడ – ఉపేక్షింపరాని వేళ



ఇంట నొక స్త్రీ గుండె దడదడలాడుచున్నదన్నచో, “భయపడితివి, కాసిని మంచినీళ్లు త్రాగి పండుకొనుము” అనుట మనకు వాడుక. పెక్కుమారు లది నిజమే. మెట్లెక్కినను, జ్వరము వచ్చినను, వెఱచినను గుండె వేగిరపడును. కారణము తీరినపిదప మెల్లగా నెమ్మదించును. కాని దడలన్నియు నొక్కటి కావు. ఆ భేదము నెఱుగుట ప్రాణరక్షకమని యీ మాసమున దీనిని గూర్చి వ్రాయుచున్నాము.

విశ్రాంతిగా నున్న పెద్దవారి నాడి నిమిషమునకు 60 మొదలు 100 వరకు కొట్టుకొనును. మణికట్టున, బొటనవ్రేలి మొదటి దిక్కున, రెండువ్రేళ్లుంచి 30 సెకండ్లు లెక్కించి రెట్టింపుడు. ఊరక కూర్చుండగా, మీట నొక్కిన దీపమువలె దడ హఠాత్తుగా మొదలై 150 దాటినచో, గుండెలోని విద్యుత్ప్రవాహము దారితప్పినదేమో యని శంకింపవలెను. దానితో మూర్ఛ, రొమ్మునొప్పి, ఆయాసము, చల్లని చెమట కనబడినచో రోగిని నడిపింపక వెంటనే 108కి ఫోను చేయుడు. స్పృహ తప్పుచున్నవారి నోట నీరు పోయరాదు. ఊపిరి యాగి పడిపోయినచో, వైద్యసహాయము వచ్చువఱకు రొమ్ము నడుమ నిమిషమునకు 100 మొదలు 120 సార్లు గట్టిగా నదుమవలెను.

ఆసుపత్రిలో వైద్యులు ముందుగా చూచునది, రోగి యా వేగమునకు తాళుచున్నదా లేదా యనియే. రక్తపుపోటు పడిపోవుచున్నచో, మత్తిచ్చి, గుండెలయకు సరిపడునట్లు విద్యుద్ఘాత మిత్తురు. ఈ పద్ధతిని 1962లో బెర్నార్డు లౌన్ అను వైద్యుడు ప్రకటించెను. తాళుచున్నచో, ఇ.సి.జి. గీతలను పరిశీలింతురు. గీతలు సన్నమై క్రమముగా నున్నచో, రోగిచే ఊపిరి బిగబట్టి ముక్కించి, వెంటనే వెలికిల పరుండబెట్టి కాళ్లెత్తుదురు. 2015లో వెలువడిన ఇంగ్లండు పరిశోధనలో ఇట్లు చేయగా నూటికి 43 మందికి లయ కుదుటపడెను. కాళ్లెత్తనివారిలో 17 మందికే. అది చాలనిచో అడినోసిన్ సూదిమందు గలదు. గీతలు వెడల్పైనచో, వేఱని తేలువఱకు, ప్రాణాపాయకరమైన దడగానే యెంచి చికిత్స చేయుదురు.

మా ముఖ్యమైన మనవి యొకటి. దడ తగ్గినపిదప తీసిన ఇ.సి.జి.లో దోష మేమియు కనబడకపోవచ్చును. అప్పుడు “అంతయు భయమే” యన్న మాట మరల స్థిరపడును. కావున దడ యుండగనే తీయించి, ఆ కాగితమును భద్రపఱచుకొనుడు. వంటపని తెమిలినపిదప పోవచ్చునని జాగు చేయకుడు. పొయ్యిమీది యన్నము మరల వండుకొనవచ్చును. ఆగిన గుండెను మరల నడపుట యంత సులభము గాదు.