పాత కాంటెస్సా కొనవచ్చునా?

ఈ శీర్షికకు అందే ప్రశ్నలలో పిల్లల చదువు, పెళ్ళి ఖర్చు, ఇంటి స్థలం వంటివే ఎక్కువ. కొంతకాలంగా వాటి నడుమ మరొక ప్రశ్న కూడా తల ఎత్తుతున్నది. ఇంట్లో సంపాదన మొదలుపెట్టిన కుమారుడు పాత కాంటెస్సా కారు కొంటానంటాడు. దాని ఇంజను తీసి మరొకటి పెట్టించి, వెడల్పాటి చక్రాలు వేయించి, అమెరికా వారి మజిల్ కారులాగా తీర్చిదిద్దుతానంటాడు. తండ్రికి అది శుద్ధ దుబారాగా కనిపిస్తుంది. తల్లికి రోడ్డు ప్రమాదమే కళ్ళ ముందు కదులుతుంది. కుమారునికి మాత్రం తన మనసును ఎవరూ అర్థం చేసుకోవటం లేదనిపిస్తుంది.

ఈ కోరికను పిచ్చి అని కొట్టిపారవేయటం న్యాయం కాదు. యువకుని సరదా అని కళ్ళు మూసుకుని సమ్మతించటం కూడా తగదు. పాత యంత్రాన్ని మళ్ళీ నడిపించాలనే తపనలో మంచి ఉంది. దానిని ఆచరణలో పెట్టే తీరులోనే లాభనష్టాలు ఉన్నాయి. కాబట్టి విషయాన్ని మొదటి నుండి పరిశీలిద్దాం.

ఈ కోరిక ఎక్కడిది?

మజిల్ కారు అమెరికాలో పుట్టిన మాట. మధ్యతరహా కుటుంబ కారులో పెద్ద కారు ఇంజనును అమర్చి, యువకులకు అందుబాటు ధరలో అమ్మటమే దాని కిటుకు. 1964లో పాంటియాక్ సంస్థ విడుదల చేసిన జీటీవోతో ఈ ధోరణి ఊపందుకున్నదని చెబుతారు. అందులోని ఎనిమిది సిలిండర్ల ఇంజను పరిమాణం 6.4 లీటర్లు, శక్తి 325 హార్స్‌పవర్. కాని ఆ వైభవం పదేళ్ళు కూడా నిలువలేదు. బీమా సంస్థలు యువ చోదకుల నుండి భారీ ప్రీమియం వసూలు చేయసాగాయి. 1970లో వాయు కాలుష్య చట్టం కఠినమయింది. 1973లో చమురు సంక్షోభం వచ్చి పడింది. కారు ధర చవకే అయినా, దానిని పోషించే ఖర్చు చవక కాదని అమెరికా కుటుంబాలు ఆనాడే తెలుసుకున్నాయి.

మన దేశంలో ఆ కార్లు అరుదు. వాటి పోలిక కొంత కనిపించేది కాంటెస్సాలోనే. ఇంగ్లండులోని వాక్స్‌హాల్ సంస్థకు చెందిన విక్టర్ కారు నమూనాను తీసుకుని, హిందుస్థాన్ మోటార్స్ సంస్థ కోల్‌కతా సమీపాన ఉత్తర్‌పారా కర్మాగారంలో దీనిని తయారు చేసింది. 1984లో మొదలైన ఉత్పత్తి 2002లో ముగిసింది. పొడవాటి బానెట్, వెడల్పాటి ముఖం, వెనుక చక్రాలకు శక్తినందించే అమరిక చూసి యువకులు దీనిని భారతీయ మజిల్ కారు అని ముద్దుగా పిలుచుకుంటారు.

అయితే ఆకారం వేరు, సత్తా వేరు. తొలి కాంటెస్సాలలో ఉన్నది అంబాసిడర్ కారులోని సుమారు 1.5 లీటర్ల ఇంజనే. దాని శక్తి 50 హార్స్‌పవర్‌కు అటూ ఇటుగా ఉండేది. అంత బరువైన కారును అది ఈడ్చుకుంటూ నడిపేదన్నది ఆనాటి వారందరికీ తెలిసిన సంగతే. తరువాత జపాన్‌కు చెందిన ఇసుజు సంస్థ 1.8 లీటర్ల ఇంజను చేరిన పిమ్మట పరిస్థితి మెరుగయింది. ఇంజను మార్చాలనే ఆలోచన యువకులకు రావటానికి మూలం ఈ పాత వెలితిలోనే ఉన్నది.

చట్టం గీసిన గీత

చాలామంది కారు కొన్న తరువాత గాని చట్టం సంగతి అడగరు. ముందుగా అడగవలసినది అదే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. కేరళకు చెందిన ఒక వ్యాజ్యంలో 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఈ విషయాన్నే స్పష్టపరచింది. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు శిక్ష గాని, రెండూ గాని పడవచ్చు. చెవులు చిల్లులు పడేలా మోగే సైలెన్సరు బిగిస్తే శబ్ద కాలుష్యం కింద వేరే కేసు తప్పదు.

కాబట్టి రెండు మాటలను వేరు చేసుకోవాలి. మరమ్మతు అంటే కారును అది పుట్టిన స్థితికి తిరిగి తేవటం. మార్పు అంటే అది ఎన్నడూ లేని రూపానికి తీసుకుపోవటం. మొదటిదానికి చట్టం అడ్డు రాదు. రెండవదానికి అడుగడుగునా అడ్డు. రంగు మార్చినా ఆ వివరం రవాణా కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి. ఇంజను మార్చదలిస్తే, పాత ఇంజనును విప్పక ముందే ఆ కార్యాలయం నుండి రాతపూర్వకమైన ఆమోదం పొందాలి. షెడ్డులో ఎవరో ‘తరువాత చూసుకుందాం, అందరూ చేయిస్తున్నారు’ అంటే ఆ మాటను నమ్మరాదు. అనుమతి లేకుండా ఇంజను మార్చిన కారు ప్రమాదానికి గురైతే, ఆ మార్పు తమకు తెలియజేయలేదన్న కారణంతో బీమా సంస్థ పరిహారం నిరాకరించే అవకాశం ఉంది. అప్పుడు నష్టం ఆ యువకునితో ఆగదు. ఇంటి మీద పడుతుంది.

మరొక భ్రమ కూడా ఉన్నది. వింటేజ్ కారుగా నమోదు చేయించుకుంటే చిక్కులన్నీ తొలగిపోతాయని కొందరు అనుకుంటారు. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని వాహనానికే ఆ హోదా. మొట్టమొదటి కాంటెస్సాకు సైతం 2034 వరకు ఆ అర్హత రాదు. పైగా ఆ హోదా పొందిన వాహనాన్ని రోజువారీ ప్రయాణాలకు వాడరాదు.

సొంత కారుకు తొలి రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్ళు. అటు పిమ్మట తనిఖీ చేయించి ఐదేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. 2002లో తయారైన ఆఖరి కాంటెస్సా కూడా ఆ గడువును ఎప్పుడో దాటింది. హరిత పన్ను అదనం. కారు ఇతర రాష్ట్రానిదైతే అక్కడి నిరభ్యంతర పత్రం, ఇక్కడి జీవితకాల పన్ను, పేరు మార్పు అన్నీ ఉంటాయి. పత్రాలు లేవు గాని కారు చవక అని ఎవరైనా అంటే, ఆ బేరాన్ని అక్కడితో ముగించటమే మేలు.

చూడవలసినవి

వస్తువులోని లోపాన్ని దాచి అమ్మటం ఎంత పాపమో మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. అయినప్పటికీ, కొనేవారు తమ జాగ్రత్తలో తాముండాలి. మొదట ఛాసిస్ నంబరును, ఇంజను నంబరును రిజిస్ట్రేషన్ పత్రంతో పోల్చి చూడాలి. ఒక్క అంకె తేడా ఉన్నా వెనుదిరగాలి.

తరువాత చూడవలసినది తుప్పు. పాత కారుకు అసలు శత్రువు ఇంజను అరుగుదల కాదు, తుప్పు. ఇంజనును బోరింగ్ చేయించి, పిస్టన్లు, రింగులు మార్పించవచ్చు. అడుగు రేకు, తలుపుల కింది అంచులు, చక్రాల పైభాగాలు, సస్పెన్షన్ బిగించే చోట్లు తినివేయబడితే ఆ పని అంతు లేనిదవుతుంది. చిన్న అయస్కాంతం ఒకటి వెంట తీసుకువెళ్ళండి. రేకు మీద మందంగా పుట్టీ పూసి రంగు వేసిన చోట అది అంటుకోదు. కాళ్ళ కింది మ్యాట్లు ఎత్తి చూడండి. డిక్కీలో స్టెప్నీ టైరు తీసి దాని కింద చూడండి. మెరిసే రంగు కంటే ఈ చీకటి మూలలే నిజం చెబుతాయి.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. అమ్మేవారు ముందే వేడిచేసి ఉంచితే కారణం అడగాలి. నీలి పొగ వస్తే ఆయిలు కాలుతున్నదని అర్థం. ఆయిలు మూత లోపల పాల మీగడ వంటి పదార్థం కనిపిస్తే, ఆయిలులో నీరు కలుస్తున్నదని అనుమానించాలి. ఇప్పుడు బంకులలో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఆనాటి రబ్బరు గొట్టాలు, కార్బురేటరులోని సీళ్ళు దానికి తగినవి కావు. కారు ఎంత బాగా కనిపించినా, వాటిని మార్చే ఖర్చును మొదటి రోజునే లెక్కలో వేసుకోవాలి.

డబ్బు, చోటు, కాలం

ఇటువంటి కార్ల విషయంలో జరిగే పొరపాటు దాదాపు ఒకే విధంగా ఉంటుంది. చేతిలో ఉన్న డబ్బంతా కారు కొనటానికే ఖర్చవుతుంది. తరువాత టింకరింగ్ మొదలవుతుంది. రేకు పని సగంలో ఉండగా డబ్బు అయిపోతుంది. కారు షెడ్డులో ఒక మూలకు చేరుతుంది. ఉస్తాద్‌కు వేరే పనులు వస్తాయి. వానాకాలం గడిచేసరికి విప్పిన భాగాలు కొన్ని కనబడవు. ఆఖరుకు కొన్న ధరలో సగానికి కూడా అడిగేవారుండరు. గల్ఫ్‌లో ఎండకు మాడి పంపిన సొమ్ము ఇలా తుప్పు పట్టటం ఏ ఇంటికైనా బాధాకరమే.

కనుక మా సూచన ఇది. చేతిలో నాలుగు లక్షలున్నాయనుకుందాం. కొనుగోలుకు రెండు లక్షలు మించరాదు. మిగిలిన రెండు లక్షలలో కూడా యాభై వేలు ఎవరూ ముట్టకుండా పక్కన ఉంచాలి. పాత కారు విప్పిన తరువాత బయటపడే అసలు ఖర్చులకు అదే ఆసరా. ఈ లెక్కలో ఇమడని కారు మన స్తోమతకు మించినది. దానికోసం వడ్డీకి అప్పు చేయటం, ఇంటి బంగారం తాకట్టు పెట్టటం, చెల్లెలి ఫీజు వాయిదా వేయటం ఎంతమాత్రం అంగీకరింపదగినవి కావు. సరదా వస్తువుకు అవసరాల సొమ్ము తగలరాదు.

చవకగా దొరికిన కదలని కారు కంటే, కొంత ఎక్కువ పెట్టి కొన్న నడిచే కారు చివరకు చవకవుతుంది. మొదటి రోజు నుండి నడుస్తూ ఉంటే మరమ్మతులు ఒకదాని తరువాత ఒకటి, చేతిలో డబ్బును బట్టి చేయించుకోవచ్చు. వాటి వరుస కూడా ముఖ్యమే. మొదట బ్రేకులు, స్టీరింగు, టైర్లు. తరువాత వైరింగు, ఇంధన గొట్టాలు. ఆ పైన ఇంజను, గేర్‌బాక్సు. రంగు, సీట్లు అన్నిటికన్నా చివర. ఈ వరుసను తలకిందులు చేసి, ఆగే శక్తి లేని కారుకు పరుగెత్తే శక్తిని ఇవ్వటం ప్రాణాలతో చెలగాటమే.

షెడ్డులో బేరం కూడా కాగితం మీద ఉండాలి. ఏ పని, ఎంత ధర, ఎన్నాళ్ళలో అన్నది రాసుకుని, పని పూర్తయిన మేరకే డబ్బు చెల్లించాలి. విజయవాడ ఆటోనగర్ మొదలుకొని చిన్న పట్టణాల షెడ్ల వరకు ఈ వృత్తిలో ఉన్న వారిలో మన పాఠక కుటుంబాల వారు కూడా ఉన్నారు. వారికి కూడా ఒక మనవి. కారు చూడగానే ‘అయిపోతుంది భాయ్’ అనకండి. తినివేసిన రేకును చూపి, కాగల ఖర్చును ముందే చెప్పి, వద్దనవలసిన చోట వద్దనండి. ఆ ఒక్క మాట వలన పని పోవచ్చు. కాని ఒక ఇంటి సొమ్ము నిలుస్తుంది.

ఇంట్లో తేల్చవలసినది

ఈ నిర్ణయం ఒక్కరిది కారాదు. కారు నిలిపే చోటు ఇంటిది. సెలవు దినాలలో దానికి పోయే సమయం భార్యాబిడ్డలది. దాని మోత వినేది పొరుగువారు. కనుక ఇంట్లో అందరూ కూర్చుని మష్వరా చేయాలి. యువకుడు తన లెక్కను కాగితం మీద పెట్టాలి. ఎంత డబ్బు, ఎక్కడ నిలుపుతాడు, ఎప్పటికి పూర్తిచేస్తాడు, పూర్తికాకపోతే ఎప్పుడు అమ్మివేస్తాడు. ఈ ఆఖరు ప్రశ్నకు జవాబు లేనివారు కొనుగోలుకు ఇంకా సిద్ధం కాలేదనే అర్థం.

పెద్దలు కూడా తమ వంతు న్యాయం చేయాలి. ఆ కుర్రవాడు తన సంపాదనలో మిగిల్చిన సొమ్ముతో, ఎవరి హక్కుకూ భంగం లేకుండా, చట్టానికి లోబడి ఒక పాత యంత్రాన్ని బాగుచేసుకోదలిస్తే, అందులో ఎగతాళి చేయవలసినది ఏమీ లేదు. కార్బురేటరు విప్పి శుభ్రపరచి మళ్ళీ బిగించగలిగిన చేతులు ఏ ఇంటికైనా బరువు కావు. తండ్రి కూడా ఒక ఆదివారం ఆ బానెట్ కింద తల వంచి చూస్తే, కుమారుని మనసును గురించి ఎంతో తెలుసుకోగలడు.

ఇక మా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాం. పత్రాలు సవ్యంగా ఉండి, తుప్పు తక్కువగా ఉండి, నడిచే స్థితిలో ఉన్న కాంటెస్సా దొరికితే, అప్పు లేకుండా కొని, దాని అసలు రూపంలోనే బాగుచేయించుకోండి. దానిని మజిల్ కారుగా మార్చే ఆలోచన మానుకోండి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా బేరం వదులుకోండి. నచ్చిన కారు కనబడిన రోజున బయానా ఇవ్వకండి. ఇంటికి వచ్చి, లెక్క రాసుకుని, వారం ఆగండి. నమ్మకమైన మెకానిక్‌ను వెంటబెట్టుకుని మరొకసారి వెళ్ళి, పగటి వెలుతురులో చూడండి. ఆ వారంలో కారు మరొకరికి అమ్ముడుపోతే చింతించకండి. ఇంకొకటి దొరుకుతుంది.